మా ఇంటి గూటిలోని పుస్తకాలు

"విశ్వాసుల ఇంట్లో బైబిలు, కీర్తనల పుస్తకం ఉంటే చాలదా? కథలు, నవలలు ఎందుకు?" అని సంఘ పెద్దలు కొందరు అడుగుతుంటారు. పిల్లల మేలు కోరి అడిగే ప్రశ్నే అది. గనుక దానిని త్రోసివేయక, మా అనుభవంలో నుండి జవాబు చెప్పదలిచాము. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒకరు పైకి చదువుతారు, మిగిలినవారము వింటాము. అలా విన్న అయిదు పుస్తకాల సంగతి ఇది.

మొదటిది మన సంఘాలు ఎరిగినదే: జాన్ బన్యన్ వ్రాసిన 'యాత్రికుని ప్రయాణము'. పాత గిన్నెలకు మాట్లు వేసి బ్రతికిన మనిషి ఆయన. అనుమతి లేకుండా బోధించినందుకు ఇంగ్లండులోని బెడ్‌ఫర్డులో పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడు. పుస్తకం 1678లో అచ్చయింది. అందులో యాత్రికుడు భార్యాబిడ్డల పిలుపు వినపడకుండా చెవులు మూసుకొని పరుగెత్తుతాడు. "ఇల్లాలిని వదిలిపోయినవాడికి ఏం రక్షణ దొరుకుతుందయ్యా?" అన్నది మా అత్తమ్మ. 1684లో వచ్చిన రెండవ భాగంలో ఆ ఇల్లాలే బిడ్డలను వెంటబెట్టుకొని అదే దారిన బయలుదేరుతుంది. అది విన్నాకనే అత్తమ్మ కోపం చల్లారింది. మా ఇంటి స్త్రీలకు నచ్చినది ఆ భాగమే.

రెండవది, టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన చిన్న కథ, 'మనిషికి ఎంత నేల కావాలి?'. పహోమ్ అనే రైతుకు ఒక బేరం దొరుకుతుంది. వెయ్యి రూబుళ్లకు, ప్రొద్దు పొడిచింది మొదలు ప్రొద్దు గుంకేలోగా ఎంత నేల చుట్టి వస్తే అంతా అతనిదే. ఆశకొద్దీ దూరం నడిచి, తిరిగి పరుగెత్తి వచ్చి, గుండె ఆగి పడిపోతాడు. చివరికి ఒక గోతికి సరిపడే నేల మిగులుతుంది. మాది కౌలు సేద్యం. "జమీందారు ఇంట పుట్టినవాడు ఎన్నైనా చెబుతాడు. ఎకరం కౌలుకు చేసేవాడు ఇంకో ఎకరం కోరితే అది ఆశ కాదు, ఆకలి" అన్నాడు మా పెద్దబ్బాయి. ఆ మాటలో నిజం ఉందని ఒప్పుకున్నాము. అయినా, ఏటేటా పొలం గట్టును ప్రక్కవాడి మీదికి జరిపేవారు మాత్రం వినదగిన కథ.

మూడవది నవ్వుల పుస్తకం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు చదువుకు సీమకు వెళుతూ దారి పొడుగునా తికమకపడతాడు. మేమందరం పొట్ట పట్టుకొని నవ్వుతుంటే, మస్కటులో కూలిపని చేసి వచ్చిన మా తమ్ముడు మాత్రం ఊరకున్నాడు. తరువాత మెల్లగా, తాను విమానమెక్కిన రోజు పడిన భయము, సిగ్గు అన్నీ చెప్పాడు. అంతకు ముందు ఎన్నడూ ఆ సంగతి నోరు విప్పలేదు.

నాల్గవది ఆన్ ఫ్రాంక్ దినచర్య. యూదుల బిడ్డ. 1942 జూలై నుండి 1944 ఆగస్టు వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కార్యాలయం వెనుక భాగంలో మరి ఏడుగురితో దాగి ఉన్నది. పట్టుబడి, 1945లో పదిహేనేళ్ల వయసులో నాజీల నిర్బంధ శిబిరంలో మరణించింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకం మూసి, "జర్మనీలో చర్చీలు ఉన్నాయి గదా నాన్నా, ఆ ఆదివారాలు వాటిలో ఏం చెప్పుకున్నారు?" అని అడిగింది. డీట్రిచ్ బోన్‌హోఫర్ వంటి పాస్టరు ఎదిరించి 1945లో ఉరికంబమెక్కాడని చెప్పాము. అనేకులు నోరు మెదపలేదని కూడా చెప్పవలసి వచ్చింది.

ఆ ప్రశ్న అయిదవ పుస్తకంతో మన గుమ్మంలోకే వచ్చింది. అది గుర్రం జాషువా గారి 'గబ్బిలం', 1941 నాటి కావ్యం. గుడిలో గబ్బిలానికి చోటుంది, అంటరానివాడికి లేదు. గనుక అతడు కాశీలోని శివునికి తన మొర గబ్బిలంతో చెప్పి పంపుతాడు. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి ఆయన. హిందూ గాథలు వ్రాస్తున్నాడని మనవారే ఆయనను ఆక్షేపించారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. పద్యాలు కొన్ని అర్థం కాక రెండేసిసార్లు చదువుకున్నాము. అర్థమయ్యాక ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా అత్తమ్మే అన్నది: "గుడి సంగతి సరే. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలోనిది త్రాగి, పెండ్లి సంబంధానికి మాత్రం కులం అడగడం లేదా మనం?"

ప్రియ పాఠకులారా, పెద్దల ప్రశ్నకు మా జవాబు ఇదే. ప్రతి పుస్తకమూ మంచిదని మేము చెప్పము. మధ్యలో మూసి ప్రక్కన పెట్టినవీ మా గూటిలో ఉన్నాయి. అయితే ఒక పుస్తకం ప్రక్కమనిషి బాధను మన ఇంట్లోకి తెస్తే, మూగగా ఉన్నవాని చేత మాట్లాడిస్తే, దానిని బయటివారిదని గుమ్మంలోనే ఆపవద్దు. పిల్లల చేతికిచ్చి పంపివేయక, దగ్గర కూర్చొని కలిసి వినండి. వారు అడిగేవాటికి కొన్నిటికి వెంటనే జవాబు దొరకదు. మా అత్తమ్మ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పి తప్పించుకోలేము. వచ్చే మాఘమాసంలో మా పెద్దబ్బాయికి సంబంధాలు చూస్తున్నాము.