గాజురాతి పదునూ, ఉక్కు పదునూ

దమ్ము చేస్తున్నప్పుడు బురదలో పగిలిన సీసా పెంకు కాలికి దిగితే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ముందు నొప్పే తెలియదు. గట్టెక్కి నెత్తురు చూసుకున్నాక గాని సంగతి బోధపడదు. అదే కొడవలి మొన తగిలితే వెంటనే చురుక్కుమంటుంది. మరి గాజు అంత నున్నగా ఎలా కోస్తుంది? అంత బాగా కోసేదాన్ని వదిలి మనమంతా ఉక్కునే ఎందుకు పట్టుకున్నాం?

గాజులో ప్రకృతి చేసిన గాజు ఒకటుంది. దాన్ని అబ్సిడియన్ అంటారు. అగ్నిపర్వతం కక్కిన రాతిద్రవంలో ఇసుకసారం, అంటే సిలికా, నూటికి 70 పాళ్ళకు మించి ఉండి, అది చప్పున చల్లారితే పలుకు కట్టే వ్యవధి లేక నల్లని గాజులా గడ్డకడుతుంది. మన వికారాబాదు, ఆదిలాబాదు వైపు నల్లరాయి కూడా ఒకనాటి రాతిద్రవమే. కాని అందులో సిలికా తక్కువ, చల్లారిందీ నెమ్మదిగా. అందుకే అది గాజు కాలేదు.

ఈ గాజురాతిని బాగా వాడుకున్నవారు మెక్సికో దేశపు పూర్వులు. 1519లో స్పెయిన్ వాళ్ళు వచ్చి దిగేనాటికి అక్కడ రాగి, కంచు ఉన్నాయి గాని ఇనుము లేదు. పచూకా దగ్గరి కొండల్లో ఆకుపచ్చని ఛాయగల గాజురాయి దొరికేది. ఆ కొండలకు స్పానిష్ భాషలో కత్తుల కొండలనే పేరు నిలిచిపోయింది. పనివాడు నేలమీద కూర్చుని, రాతిముద్దను పాదాలతో బిగించి పట్టి, కర్ర పనిముట్టుతో అంచుమీద గట్టిగా నొక్కేవాడు. నొక్కినప్పుడల్లా ఒక పొడుగాటి రేకు ఊడివచ్చేది. దానికి సాన పట్టే పనిలేదు, ఊడిన అంచే వాదర. దానితో గడ్డాలు కూడా గీసేవారు. అయితే చూసినవారు మరొక మాట కూడా రాసిపెట్టారు: మొదటి గీతకు మంగలికత్తిలా తెగుతుంది, రెండో గీతకే పదును తగ్గుతుంది. తగ్గితే అవతల పారేసి మరొక రేకు తీసుకునేవారు.

ఇందులో కిటుకు ఎక్కడుందంటే, ఉక్కు పలుకులు పలుకులుగా అమరిన లోహం. సానరాయి మీద రుద్దినప్పుడు ఆ రాతి గరుకు వాదర మీద గీతలు పెడుతుంది. కంటికి నున్నగా కనబడే అంచును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే కక్కు కొడవలిలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. గాజులో పలుకులు లేవు కనుక పగులు అడ్డులేకుండా సాగిపోయి, రెండు ముఖాలు కలిసేచోట అతి సన్నని అంచు మిగులుతుంది. ఒక మిల్లీమీటరును పదిలక్షల పాళ్ళు చేస్తే, మంచి గాజురాతి వాదర అందులో 3 పాళ్ళ మందం ఉంటుందని, గడ్డం బ్లేడు వాదర 30 నుంచి 60 పాళ్ళ దాకా ఉంటుందని లెక్క. ఇంతా చేసి గాజురాయి ఉక్కుకంటే గట్టిదేమీ కాదు. పాను పట్టిన ఉక్కుతో దానిమీద గీత పెట్టవచ్చు. గట్టిదనం వేరు, పదును వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు.

వైద్యులకూ దీనిమీద ఆసక్తి కలిగింది. 1982లో అమెరికాలో బ్రూస్ బక్ అనే వైద్యుడు శస్త్రచికిత్సలో ఈ వాదరల గురించి ఒక వైద్యపత్రికలో రాశారు. 1993లో ప్రకటించిన మరో పరిశోధనలో ఎలుకల వీపుమీద ఒక కోత గాజురాతితో, పక్కనే ఒక కోత ఉక్కుతో పెట్టి చూశారు. మొదటి రెండు వారాలు గాజురాతి కోత మచ్చ సన్నగా ఉంది. మూడు వారాలకు తేడా పోయింది. అతుకు బలంలో మాత్రం మొదటినుంచీ తేడా లేదు. పైగా గాజు అంచు పక్కకు వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క గాయంలో ఉండిపోతే ఆ అవస్థ చెప్పతరం కాదు. అందుకే ఆస్పత్రుల్లో ఉక్కే నిలిచింది. కాని పైరుకు పట్టిన తెగులులో వైరస్‌ను చూడాలంటే ఆకును అతి పలుచగా తరగాలి. ఆ పనికి ప్రయోగశాలల్లో అప్పటికప్పుడు విరిచిన గాజుముక్కనో, వజ్రపు కత్తినో వాడతారు.

ఇక మన పొలం సంగతికి వద్దాం. వరిగడ్డిలోనూ ఆ సిలికాయే ఉంది. కోస్తున్నకొద్దీ అది వాదరను అరగదీస్తుంది. ఉక్కు అరిగితే మళ్ళీ సాన పట్టుకుంటాం, గట్టుకో రాతికో తగిలితే కాస్త వంగి నిలుస్తుంది. గాజుకు ఆ ఓర్పు లేదు. ఒకప్పుడు నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కుకోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారంటే, ఈ గుణం చూసే గదా!

అంటు కట్టేవారు మాత్రం గాజురాతి పాఠం గుర్తుంచుకోవాలి. మామిడి అంటుకైనా, బత్తాయి కన్ను అంటుకైనా, మొద్దుకత్తి బెరడు కింది పచ్చిపొరను కోయదు, నలుపుతుంది. నలిగిన పొర అతకదు, పుల్ల ఎండిపోతుంది. కత్తి తెగడం లేదని సీసా పెంకుతో కోసేవాళ్ళూ లేకపోలేదు. అది వద్దు, వేలూ తెగుతుంది, పెంకు నలుసులు కోతలోనూ ఉండిపోతాయి. ఉక్కుకత్తినే సన్నరాతి మీద ఒకే వాలులో, తడిచేస్తూ నూరండి. చివరకు అంచున లేచిన సన్నని రేకు పోయేదాకా తోలుముక్క మీద వెనక్కు లాగండి. ఎమరీ చక్రం దగ్గరకు తీసుకువెళితే మరీ జాగ్రత్త. అంచు నీలిరంగు తిరిగిందంటే కమ్మరి పెట్టిన పాను పోయినట్టే. అక్కడిదాకా అరగదీసి పారేస్తేనో, మళ్ళీ కొలిమికి పంపితేనో గాని ఆ కత్తికి పదును నిలవదు.