గ్రంథాలయపు తెర మీద 1960ల అమెరికా

నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం, వియత్నాం యుద్ధం, దానికి వ్యతిరేకంగా విశ్వవిద్యాలయాల్లో చెలరేగిన ఆందోళన, జాన్ కెనడీ, మార్టిన్ లూథర్ కింగ్‌ల హత్యలు ముసురుకున్న 1960ల దశకాన్ని తర్వాతి తరాలకు పరిచయం చేయడానికి అమెరికాలోని పౌర గ్రంథాలయాలు అనుసరిస్తున్న మార్గాల్లో డాక్యుమెంటరీ చిత్రాల ప్రదర్శన ముఖ్యమైనది. చిత్రాన్ని చూపి, ఆపైన చరిత్ర తెలిసినవారి సమక్షంలో ప్రేక్షకుల మధ్య చర్చ జరపడం ఈ ప్రదర్శనల పద్ధతి. బానిస విమోచన ప్రకటనకు 150 ఏళ్లు నిండిన 2013లో, నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అనే ప్రభుత్వ సంస్థ నాలుగు చిత్రాలను ఎంపిక చేసి దేశమంతటా గ్రంథాలయాలకూ మ్యూజియాలకూ అందించింది.

వాటిలో స్టాన్లీ నెల్సన్ తీసిన ‘ఫ్రీడం రైడర్స్’ ఒకటి. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సుల్లోనూ బస్టాండ్లలోనూ జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు చెప్పినా దక్షిణాది రాష్ట్రాలు లెక్కచేయకపోవడంతో, 1961 మే 4న నల్లవారూ తెల్లవారూ కలిసి 13 మంది వాషింగ్టన్ నుంచి బస్సుల్లో బయలుదేరగా, పది రోజులకు అలబామాలోని ఆనిస్టన్ దగ్గర అల్లరిమూక ఒక బస్సుకు నిప్పుపెట్టింది. అయినా ప్రయాణాలు ఆగలేదు. నాలుగు వందల మందికి పైగా వాటిలో పాల్గొన్నాక, ఆ ఏడాది నవంబరు 1 నుంచి బస్టాండ్లలోని వివక్ష బోర్డులను తొలగించాలన్న ఉత్తర్వు అమలులోకి వచ్చింది.

ఇటువంటి చిత్రాన్ని గ్రంథాలయంలో చూడడానికి ప్రత్యేకమైన అర్థం ఉంది, ఎందుకంటే ఆ రోజుల్లో గ్రంథాలయమే ఒక పోరాట స్థలం. 1961 మార్చి 27న మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో, తెల్లవారికి మాత్రమే ప్రవేశమున్న గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నందుకు టూగలూ కళాశాలకు చెందిన తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను అరెస్టు చేశారు. వర్జీనియాలోని డాన్‌విల్‌లో 1960లో, అందరినీ రానివ్వాలని కోర్టు ఆదేశించగా గ్రంథాలయాన్నే మూసివేసి, తిరిగి తెరిచినప్పుడు రెండు జాతులవారూ ఒకచోట కూర్చోకుండా కుర్చీలను తీసివేశారు. చదువుకునే హక్కును ఇంత అమానుషంగా కాలరాసిన చరిత్రను చూపడానికి గ్రంథాలయం కంటే తగిన చోటు మరొకటి ఉండదు.

ప్రదర్శన మాత్రం అనుకున్నంత సులభం కాదు. గ్రంథాలయం తాను కొన్న ప్రతిని పాఠకుడికి ఇంటికి ఇవ్వవచ్చుగాని, పదిమంది ముందు తెరమీద చూపాలంటే సాధారణంగా బహిరంగ ప్రదర్శన హక్కును వేరుగా పొందాలి. చిత్రం తీసినవారికి ఇంకో చిక్కు ఉంది: పాత వార్తా దృశ్యాలు, ఫోటోలు, పాటలు వాడుకోవడానికి వాటి హక్కుదారులు తరచుగా నిర్ణీత కాలానికే అనుమతి ఇస్తారు. పౌరహక్కుల ఉద్యమంపై హెన్రీ హాంప్టన్ నిర్మించగా 1987, 1990లలో 14 భాగాలుగా ప్రసారమైన ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ ఈ అనుమతుల గడువు తీరిపోవడం వల్లనే ఏళ్ల తరబడి ప్రసారానికీ అమ్మకానికీ దూరమైంది. హాంప్టన్ 1998లో మరణించగా, అది తిరిగి టీవీలో కనిపించింది 2006లో. ఆ మధ్యకాలంలో దాన్ని చూడదలచిన ఎందరికో గ్రంథాలయాలూ విద్యాసంస్థలూ అంతకుముందే కొనిపెట్టుకున్న వీడియో క్యాసెట్లే ఆధారమయ్యాయి.