ఆ ‘గుయ్య్’మనే రొద జనరేటర్‌ది కాదు, నా బేస్ గిటార్‌ది!

పులివెందులలో ఓ పెళ్లి రిసెప్షన్. స్టేజీ మీద మేం ఐదుగురం. పాట ఇంకా మొదలుకాలేదు. సౌండ్ బాక్సుల్లోంచి మాత్రం ‘గుయ్య్...’మని ఒకటే రొద. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగి ‘‘ఎవురప్పా, ఆ జనరేటర్ ఇంగొంచెం దూరంగా పెట్టకూడదా?’’ అని అరిచాడు. అది జనరేటర్ కాదు. నా మెడలో వేలాడుతున్న బేస్ గిటార్!

ప్రోగ్రాం అయిపోయాక మా బ్యాండ్ నడిపే అన్న పక్కకు పిలిచాడు. ‘‘తమ్ముడూ, ప్రొద్దుటూరు దసరాకి ఈ రొద ఉండకూడదు. పోకపోతే బేస్ కీబోర్డు మీదే లాగిచ్చేస్తాం. నువ్వేమీ అనుకోవాకు’’ అన్నాడు.

ఎందుకు అనుకోను? ఆ గిటార్ మా బాబాయిది. ఒకప్పుడు జమ్మలమడుగులో ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. కీబోర్డులు వచ్చాక ఎడమ చేత్తోనే బేస్ పలికించేస్తున్నారని ఆయన్ను పిలవడం మానేశారు. తర్వాత మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. గిటార్ అటక ఎక్కింది. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు దాన్ని దించుకున్నా. ఒకే గిటార్‌ని కీబోర్డు రెండుసార్లు ఇంటికి పంపడమా? నాకు మనసొప్పలేదు.

రొద ఎక్కడిది?

పికప్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు. స్టీలు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో కరెంట్ పుడుతుంది. ఆంప్ దాన్ని పెద్దది చేస్తుంది. అంతే.

చిక్కేమిటంటే ఆ కాయిల్‌కి తీగ ఏదో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ ఏదో తెలీదు. మన కరెంట్ 50 హెర్ట్జ్. బేస్‌లో లావు ‘ఇ’ తీగ 41 హెర్ట్జ్, దాని మూడో ఫ్రెట్ మీద ‘జి’ 49 హెర్ట్జ్. అంటే ఆ రొద సరిగ్గా మనం వాయించే స్వరాల మధ్యలో, కొంచెం శ్రుతి తప్పిన ‘జి’లా కూర్చుంటుంది. మిక్సర్‌లో దాన్ని కోసేద్దామంటే అసలు బేసే పోతుంది.

కొనే ముందు చూసుకోండి

నేను వెంటనే ఆన్‌లైన్‌లో పికప్‌లు వెతకడం మొదలుపెట్టా. బాబాయి ఫోన్ పక్కన పెట్టించాడు. ‘‘మోటారు కాలిందా, స్టార్టర్ పోయిందా చూడకుండానే వైండింగ్ విప్పుతారా ఎవురన్నా?’’ అన్నాడు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చూశాం.

తీగల్ని చేత్తో తాకితే చిరచిర తగ్గుతోందా? అయితే గిటార్ లోపల షీల్డింగ్ సరిగా లేనట్టే. రాగి టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కి కలిపితే చాలావరకు పోతుంది. తాకితే షాక్ కొడుతోందా? అప్పుడు గిటార్ సంగతి తర్వాత, ముందు ప్లగ్ పీకి, ఎర్తింగ్ చూపించండి. గిటార్ పట్టుకుని అటూ ఇటూ తిరిగితే రొద పెరుగుతూ తగ్గుతూ ఉందా? అది కాయిల్ పట్టుకుంటున్న రొద. దానికి రాగి టేపు పనిచేయదు.

మాకు రెండూ ఉన్నాయి. టేపుతో చిరచిర పోయింది. ‘గుయ్య్’ మిగిలింది.

బాబాయి పాఠం

మాది జాజ్ బేస్ మోడల్. ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన డిజైన్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు. రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెడితే రొద మాయం. ఒకటి తగ్గిస్తే మళ్లీ ప్రత్యక్షం. నేను తల గోక్కుంటుంటే బాబాయి నవ్వాడు.

‘‘ఒగ కాయిల్ ఇట్ల చుట్టి, ఇంగోటి అట్ల చుట్టినార్రా. అయస్కాంతం కూడా తిప్పి పెట్టినారు. చుట్టూ తిప్పి, అయస్కాంతమూ తిప్పితే తీగ శబ్దం రెండిట్లోనూ ఒగే పక్కకి వస్తాది. రొదకి అయస్కాంతంతో పనిలేదు గదా, అది ఎదురెదురు కొట్టుకుని చస్తాది.’’

నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు!

ఎప్పుడూ రెండూ ఫుల్ పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు. కానీ మెలోడీలకు ముందు పికప్ ఒక్కటే పెడితే వచ్చే గుండ్రటి, నిండు శబ్దం నాకు కావాలి. అందుకే మార్చక తప్పలేదు.

ఏది ఎంచుకున్నా, ఎందుకు?

నా ముందు మూడు దారులు. ఒకటి, 1957 నాటి ప్రెసిషన్ బేస్ తరహా రెండు ముక్కల పికప్. రొద ఉండదు, కానీ చెక్క తొలచాలి. బాబాయి గిటార్‌కి గంట్లు పెట్టలేను. రెండు, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్. రొద దాదాపు ఉండదు, కానీ పాట మధ్యలో 9 వోల్టుల బ్యాటరీ అయిపోతే గోవిందా. మూడు, పాత కన్నంలోనే పట్టే హమ్ క్యాన్సిలింగ్ జాజ్ పికప్. చూడ్డానికి ఒకటే, లోపల రెండు కాయిళ్లు. సింగిల్ కాయిల్‌లో ఉండే ఆ మెరుపు కొంచెం తగ్గొచ్చు. సీరియల్ లైట్ల మధ్య వాయించేవాడికి ఆ బేరం నష్టం కాదు. మూడోదే తీసుకున్నా. గిటార్ కంటే పికప్‌ల ధరే ఎక్కువైంది, అది వేరే సంగతి.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. రెండూ ఒకే సైజనుకుని రెండు ముందు పికప్‌లు తెప్పించా. సాధారణంగా జాజ్ బేస్‌లో బ్రిడ్జ్ వైపు పికప్ సుమారు 3 మిల్లీమీటర్లు పొడవెక్కువ. ఒకటి వెనక్కి పంపాల్సి వచ్చింది. స్కేలు పెట్టి కొలిచాకే ఆర్డర్ చేయండి. ‘కిలో ఓమ్‌లు ఎక్కువుంటే గొప్ప’ అన్న మాట కూడా నమ్మకండి. తీగ సన్నగా ఉన్నా ఓమ్‌లు పెరుగుతాయి. బిగించాక పికప్‌ని తీగలకు మరీ దగ్గరగా లేపితే అయస్కాంతం తీగను లాగి శ్రుతి పాడుచేస్తుంది. స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ వింటూ ఉండాలి. పాత పికప్‌లు పారేయకండి. మావి బాబాయి షాపులో ఒక డబ్బాలో భద్రంగా ఉన్నాయి.

దసరా రాత్రి. చుట్టూ లైట్లే లైట్లు. బాబాయి వచ్చి స్టేజీ పక్కన, సౌండ్ బాక్సు దగ్గరే నిలబడ్డాడు. నేను వాల్యూమ్ ఫుల్ పెట్టి అన్న సైగ కోసం చూస్తున్నా. ఆయన ముఖంలో కంగారు. దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

‘‘రేయ్, ఆన్ చేసినావా లేదా?’’