డాబా శుభ్రానికి అయిదు బకెట్లు చాలు

శివరాత్రి వెళ్లి ఎండ ముదురుతోందంటే డాబా మీద పని మొదలైనట్టే. చలికాలమంతా పేరుకున్న దుమ్ము తీయాలి, మూలన పడేసిన మంచాలూ కుర్చీలూ బయటికి లాగాలి. చాలామంది మోటారు వేసి పైపు పట్టుకుంటారు. లెక్క వేసేదాకా నేనూ అదే చేశాను.

మా డాబా 100 గజాలు, అంటే 900 చదరపు అడుగులు. పైపు కింద 20 లీటర్ల బకెట్ పెడితే 80 సెకన్లలో నిండింది. నిమిషానికి 15 లీటర్లన్నమాట. 40 నిమిషాలు కడిగితే 600 లీటర్లు, 30 బకెట్లు! ముందు పొడిగా ఊడ్చి, మరకలున్న చోటే తడిపి కొబ్బరి చీపురుతో రుద్దితే 5 బకెట్లతో సరిపోయింది. మిగిలింది 500 లీటర్లు. పట్టణాల్లో నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క కడతారు. ఆ ప్రకారం నలుగురున్న ఇంటికి ఇంచుమించు ఒక రోజు నీళ్లు. బోర్లు ఎండే నెలల్లో వాటిని తూములోకి వదలడం అన్యాయం.

పావురాల రెట్టను మాత్రం పొడిగా ఊడ్వకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి, నానాక గీకాలి. పాచికి బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్లు దాంట్లో బాత్రూమ్ యాసిడ్ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం.

పూలకుండీల కింది పళ్లేల్లో నీళ్లు పారబోస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచుకు పైన, పళ్లెం గోడకు అంటుకుని ఉంటాయి. నెలల తరబడి ఎండినా చావవు. మళ్లీ తడి తగిలితే 8, 10 రోజుల్లో దోమలవుతాయి. అందుకే లోపలి గోడను పీచుతో గట్టిగా తోమాలి.

నవారు మంచాన్ని ఎండలో వేస్తే నల్లులు పోతాయనుకుంటాం. 50 డిగ్రీలు దాటితే అవి నిమిషాల్లో చస్తాయి, గుడ్లకు 55 కావాలి. పట్టీ పైభాగం ఎంత కాలినా, కోళ్ల సందుల్లో అంత వేడి పుట్టదు. అవి దాక్కునేదీ అక్కడే. మా అమ్మమ్మ నవారు విప్పి, మరిగే నీళ్లు చెంబుతో సరిగ్గా ఆ సందుల్లోనే పోసేది. ఇప్పటికీ అంతకన్నా మంచి మార్గం నాకు కనిపించలేదు.

ప్లాస్టిక్ కుర్చీలకు సబ్బునీళ్లు చాలు. రంగు వెలిసి, వేలికి తెల్ల పొడి అంటుతుంటే ఆ కుర్చీలో పెద్దవాళ్లను కూర్చోబెట్టకండి, కుర్చీ కాలు విరిగిపోవచ్చు.

తెల్ల పూత వేసిన డాబాకు కడగడం ఇంకా ముఖ్యం. కొత్త పూత ఎండలో దాదాపు 80 శాతాన్ని తిప్పికొడుతుంది, మామూలు సిమెంటు 35 శాతం లోపే. దుమ్ము పట్టేకొద్దీ పూత పనితనం తగ్గుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలా ఎండను తిప్పికొట్టే పైకప్పును తప్పనిసరి చేసింది. ఏటా కడగకపోతే ఆ ఖర్చంతా దండగ.

అన్నీ అయ్యాక వాననీటి తూము దగ్గరికి వెళ్లండి. ఊడ్చిన ఆకులు చివరికి చేరేది దాని జాలీలోనే. మే నెలలో గాలివానకు ఒక్క సెంటీమీటరు కురిసినా, 100 గజాల డాబా మీద 830 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. అవి పోవడానికి ఉన్నది ఆ దారే. ఈ ఆదివారం జాలీని చేత్తో పైకి తీసి, కింద ఏముందో చూడండి.