ప్రకటన వ్యాసం రాయడం: ఏటికొప్పాక బొమ్మల ఉదాహరణ

వస్తువును అమ్మడానికి, డబ్బు చెల్లించి పత్రికలో వేయించుకునే వ్యాసాన్ని అడ్వర్టోరియల్ అంటారు. మనం దీన్ని ప్రకటన వ్యాసం అందాం. మామూలు ప్రకటన కంటపడితే చాలు. దీన్ని మాత్రం పాఠకుడు కూర్చుని చదవాలి.

నర్సీపట్నం పక్కన బలిఘట్టాన్ని ఒరుసుకుంటూ పారే వరాహ నది ఒడ్డునే, దిగువన ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. వాటిని అమ్మే బలిఘట్టం దుకాణదారు ఒకరు మిమ్మల్ని వ్యాసం రాయమన్నారనుకోండి. ‘అద్భుతం’, ‘అపురూపం’ అని మొదలుపెట్టకండి. ఆ మాటలు చీరకూ అతుకుతాయి, ఆవకాయకూ అతుకుతాయి.

కొనేవారి సందేహం నుంచి మొదలుపెట్టండి. ఏడాది పిల్ల చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఈ రంగు దేనితో చేశారు అన్నది తల్లి ప్రశ్న. జవాబు తయారీలోనే ఉంది. మెత్తని అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. సంప్రదాయ రంగులు గింజలు, వేళ్లు, బెరడు, ఆకుల నుంచి తీసినవి. ఇంతవరకు చెబితే పాఠకురాలు మీ వెంట వస్తుంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. రసాయన రంగుల బొమ్మలూ బజారులో ఉంటాయి. దుకాణంలోని సరుకు ఏదో అడిగి తెలుసుకున్నాకే రాయండి. పైగా ‘మొక్కల రంగులు’ అనడం వేరు, ‘నోట్లో పెట్టుకున్నా హాని లేదు’ అనడం వేరు. రెండోది రాయాలంటే పరీక్ష నివేదిక మీ చేతిలో ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు తొలిసారే 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పసిపిల్లకు జబ్బు చేస్తే జరిమానా కట్టి సరిదిద్దలేం.

వ్యాసం పైన ‘ప్రకటన’ అన్న మాట స్పష్టంగా కనబడాలి. దాన్ని చీమ తలంత అక్షరాల్లో వేయమనే యజమానులుంటారు, ఒప్పుకోకండి. 2009 ఎన్నికల్లో మన రాష్ట్రంతో సహా పలుచోట్ల అభ్యర్థుల డబ్బుతో వచ్చిన రాతలు వార్తలుగా అచ్చయ్యాయి. దీనిపై పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి సభ్యులుగా ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో నివేదిక తయారుచేసింది.

చివర్లో ధర, చిరునామా, దుకాణం తెరిచే వేళలు ఇవ్వండి. ధర దాచి ‘సంప్రదించండి’ అంటే చాలామంది అక్కడే ఆగిపోతారు.

అభ్యాసం: మీ ఊళ్లో తయారయ్యే ఒక వస్తువుపై 200 పదాల ప్రకటన వ్యాసం రాయండి. అందులోని ప్రతి వాక్యానికీ ఆధారం ఏమిటో పక్కన పెన్సిల్‌తో గుర్తించండి.