యంత్రం మారినా మాట మారని పోస్ట్‌గ్రెస్

శంకర్‌పల్లి దగ్గర, రైలు పెట్టెల కర్మాగారం ఉన్న కొండకల్ పేరును ఒక డేటాబేస్‌లో తెలుగులోనే ఎక్కించామనుకోండి. మన కంటికి అవి నాలుగు అక్షరాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో కంప్యూటర్‌కు 21 బైట్లు. మొదటి ‘క’ ఒక్కదానికే మూడు: 224, 176, 149. ఇంగ్లిష్ అక్షరాల బైట్లేవీ 127 దాటవు. తెలుగువి అన్నీ దాటుతాయి. ఈ తేడా దగ్గరే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాంటి ఆరితేరిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కూడా తడబడింది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో పోస్ట్‌గ్రెస్‌కు పునాది వేశారు. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ నేర్పారు. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. 2005 జనవరిలో 8.0 వెర్షన్‌తో విండోస్ మీద నేరుగా నడిచింది.

ఇలా దాని ఒకే సోర్స్‌కోడ్ రకరకాల ప్రాసెసర్ల మీద, రకరకాల కంపైలర్లతో బిల్డ్ కావాలి. ఒకచోట బగ్ సరిచేస్తే ఇంకోచోట బిల్డ్ ఆగిపోవచ్చు. అందుకే 2004లో ఆండ్రూ డన్‌స్టన్ బిల్డ్‌ఫార్మ్ మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా ఇచ్చిన యంత్రాలు, ఒక్కోదానికి ఒక్కో జంతువు పేరు, కొత్త కోడ్‌ను కంపైల్ చేసి, పరీక్షలు నడిపి ఫలితం పంపుతాయి.

అయినా కొన్ని బగ్‌లు బిల్డ్‌లో దొరకవు. పోస్ట్‌గ్రెస్ కోడ్ రాసిన సీ భాషలో, ఒక బైట్‌ను దాచే ‘చార్’కు మైనస్ విలువలు ఉండాలా వద్దా అన్నది ప్రమాణం తేల్చలేదు, కంపైలర్‌కే వదిలేసింది. లైనక్స్‌లో ఇంటెల్ తరహా ప్రాసెసర్ మీద 224 కాస్తా -32 అవుతుంది. ఆర్మ్ మీద 224గానే ఉంటుంది. మాటలో కొంత భాగంతో వెతకడానికి వాడే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ పీజీ-ట్రిగ్రమ్, మాటను మూడేసి సంకేతాల ముక్కలు చేస్తుంది. తెలుగు ముక్కనైతే హాష్‌తో మూడు బైట్లకు కుదించి, వరసగా పేర్చి ఇండెక్స్ కడుతుంది. ఆ బైట్లలో ఏదైనా 127 దాటితే, ఒక యంత్రంలో ముందుండాల్సింది ఇంకో యంత్రం లెక్కలో వెనక్కి పోతుంది. ఇంటెల్ సర్వర్ కట్టిన ఇండెక్స్ రెప్లికేషన్‌లో ఉన్నదున్నట్టు ఆర్మ్ సర్వర్‌కు చేరిందంటే, అకారాది వరస తెలియనివాడు నిఘంటువు తెరిచినట్టే. ఉన్న పేరునే లేదని చెప్పొచ్చు. ఎర్రర్ కూడా రాదు.

2025 సెప్టెంబరులో వచ్చిన 18వ వెర్షన్ దీన్ని సరిచేసింది. కొత్త డేటాబేస్‌లన్నిటికీ మైనస్ లెక్కనే ఖాయం చేసి, ఆ సంగతిని కంట్రోల్ ఫైల్‌లో రాసిపెడుతుంది. ప్రాసెసర్ ఏదైనా ఆ రాత ప్రకారమే పోల్చాలి. పాత డేటాబేస్‌ను అప్‌గ్రేడ్ చేస్తే దాని పాత లెక్కే కొనసాగుతుంది.

ఇంగ్లిష్ పేర్లతో ఎన్ని పరీక్షలు పెట్టినా ఈ బగ్ బయటపడేది కాదు. దాని దెబ్బ తగిలేది ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు సొంత లిపిలో దాచుకునే మనలాంటివాళ్లకే. ఓపెన్ సోర్స్‌లో కోడ్ అందరి ముందూ ఉంది. తప్పు దొరికితే చిన్న ఉదాహరణతో చూపించవచ్చు, ప్యాచ్ పంపవచ్చు, బిల్డ్‌ఫార్మ్‌లో యంత్రం చేర్చడానికి దరఖాస్తు చేయవచ్చు. హైదరాబాద్ చుట్టూ ఇంతమంది ఇంజనీర్లం ఉన్నాం. తెలుగు డేటాతో పరీక్షించే బాధ్యత మనమే తీసుకోవాలి.