ఎందుకో తెలియకపోయినా పర్లేదు, పనిచేస్తే చాలు

మా మినీ ప్రాజెక్ట్‌తో మొదలుపెడతాను. మామిడి ఆకు ఫోటో చూసి తెగులేంటో చెప్పే మోడల్ ఒకటి చేశాం. నా ల్యాప్‌టాప్‌లో 97 శాతం అక్యురసీ వచ్చింది. "పేటెంట్ వేసేద్దాం మామా, రెజ్యూమేలో పడుతుంది" అన్నాడు మా టీమ్‌మేట్. నాకు మాత్రం ఒక డౌట్. క్లాసు అయ్యాక ఐపీఆర్ సర్‌ని అడిగాను: "సర్, మా మోడల్ ఎందుకు పనిచేస్తోందో మాకే తెలీదు. థియరీ లేకుండా పేటెంట్ ఇస్తారా?"

సర్ నవ్వి, "కోల్డ్ ఫ్యూజన్ కథ చదువుకుని రా, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. చదివాను. నేను పక్కా ఇంగ్లీష్ మీడియం బ్యాచ్. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుపోండి.

అసలేం జరిగింది?

1989 మార్చి 23న అమెరికాలోని యూటా యూనివర్సిటీలో ఒక ప్రెస్‌మీట్ జరిగింది. మార్టిన్ ఫ్లైష్మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు కెమిస్టులు మాట్లాడారు. భారజలంలో పల్లాడియం కడ్డీని, ప్లాటినం తీగని పెట్టి కరెంట్ పంపితే, మనం ఇచ్చిన దానికంటే ఎక్కువ వేడి వస్తోందన్నారు. ఆ అదనపు వేడి రసాయన చర్యలది కాదు, ఫ్యూజన్‌ది అన్నారు.

ఫ్యూజన్ అంటే సూర్యుడి లోపల జరిగేది. అక్కడ వేడి దాదాపు కోటిన్నర డిగ్రీలు. పరమాణు కేంద్రకాలు రెండూ పాజిటివ్ కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. వాటిని కలపాలంటే అంత వేడి కావాలి. వీళ్లేమో మామూలు గది వాతావరణంలో, గాజు పాత్రలో అయిపోయిందంటున్నారు!

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిస్తే దాదాపు సగం సార్లు ఒక న్యూట్రాన్ బయటికి వస్తుంది. ఆ లెక్కన ఒక్క వాట్ వేడి పుట్టాలన్నా సెకనుకి సుమారు లక్ష కోట్ల న్యూట్రాన్లు రావాలి. అన్ని న్యూట్రాన్ల పక్కన నిలబడితే మనిషి బతకడు. అందుకే ఫిజిక్స్ వాళ్లు "మరి ల్యాబ్‌లో స్టూడెంట్ ఇంకా బతికే ఉన్నాడేంటి?" అని జోకులేశారు.

ప్రపంచమంతా ల్యాబుల్లో అదే ప్రయోగం మొదలెట్టారు. ముంబైలోని మన భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు కూడా చేసి, న్యూట్రాన్లు, ట్రిటియం కనిపించాయని రిపోర్ట్ చేశారు. కానీ ఎంఐటీ, కాల్‌టెక్, బ్రిటన్‌లోని హార్వెల్ ల్యాబ్‌లకి ఏమీ దొరకలేదు. అదే ఏడాది నవంబర్‌లో అమెరికా ఇంధన శాఖ కమిటీ, నమ్మదగ్గ ఆధారాలు లేవని తేల్చింది.

ఇందులో పేటెంట్ పాత్ర కూడా ఉంది. పేటెంట్ హక్కులు పోతాయేమోనని వివరాలన్నీ మొదట్లో బయటపెట్టలేదు. దాంతో కొన్ని ల్యాబులవాళ్లు పేపర్లో, టీవీలో వచ్చిన ఫోటోలు చూసి పరికరం ఎలా ఉందో ఊహించుకోవాల్సి వచ్చింది. పేటెంట్ అనే ఆలోచనేమో "చెప్పు, ఇస్తా" అనే బేరం. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా రివర్స్.

థియరీ లేదనే పేటెంట్ రాలేదా?

నేనూ అదే అనుకున్నాను. కాదు. ఆస్పిరిన్ సంగతే చూడండి. బేయర్ కంపెనీకి దాని మీద అమెరికా పేటెంట్ 1900లోనే వచ్చింది. అది నొప్పిని ఎలా తగ్గిస్తుందో జాన్ వేన్ చెప్పింది 1971లో. దానికి ఆయనకి 1982లో నోబెల్ కూడా వచ్చింది. మధ్యలో ఏడు దశాబ్దాల పాటు ఎందుకో తెలియకుండానే జనం మాత్ర వేసుకున్నారు, తలనొప్పి తగ్గింది. 1911లో ఒక రబ్బరు టైర్ల కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. కనిపెట్టినవాడికి దాని వెనకున్న సైన్స్ తెలిసి ఉండక్కర్లేదు.

మరి చట్టం ఏం అడుగుతుంది? కొత్తదా, ఊహకి సులభంగా అందేదా అనేవి ఎలాగూ ఉంటాయి. మన కథకి కావాల్సినవి రెండే. ఒకటి, అది నిజంగా పనిచేయాలి. రెండు, నువ్వు రాసింది చదివి ఆ రంగంలో ఉన్న మరో మనిషి దాన్ని తయారు చేయగలగాలి. మన భాషలో చెప్పాలంటే, రీడ్‌మీ ఫైల్ చూసి పక్కవాడు తన సిస్టమ్‌లో రన్ చేసుకోగలగాలి.

కోల్డ్ ఫ్యూజన్ ఓడిపోయింది ఇక్కడే. 2000లో స్వార్ట్జ్ అనే ఆయన కేసులో అమెరికా ఫెడరల్ అప్పీల్ కోర్టు పేటెంట్ ఆఫీసు వైపే తీర్పు చెప్పింది. ఈ ఫలితాలు మళ్లీ మళ్లీ రావట్లేదని సైన్స్ పేపర్లు చెప్తున్నాయి, పనిచేస్తుందనడానికి నువ్వు సరిపడా సాక్ష్యం చూపలేదు అన్నది దాని సారాంశం.

అయితే థియరీకి విలువే లేదా అంటే, ఉంది. అది దొడ్డిదారిన వస్తుంది. నువ్వు చెప్పేది తెలిసిన ఫిజిక్స్‌కి దగ్గరగా ఉంటే ఎగ్జామినర్ నీ మాట నమ్ముతాడు. ఎదురుగా ఉంటే "చూపించు" అంటాడు. మన దేశంలో పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎ) ప్రకారం, స్థిరపడిన ప్రకృతి నియమాలకి స్పష్టంగా విరుద్ధమైనది అసలు ఇన్వెన్షనే కాదు.

పేటెంట్ వస్తే పనిచేసినట్టేనా?

అదీ కాదు. 2015లో ఆండ్రియా రోస్సీ అనే ఆయనకి అమెరికాలో ఒక పేటెంట్ వచ్చింది. నికెల్, లిథియం కలిసిన ఇంధనంతో ద్రవాన్ని వేడి చేసే పరికరం అది. కోల్డ్ ఫ్యూజన్ పరికరంగా బయట ప్రచారం పొందింది. కానీ పేటెంట్ పేరు మాత్రం "ఫ్లూయిడ్ హీటర్". పేటెంట్ ఆఫీసు మామూలుగా యంత్రాన్ని తయారు చేసి చూడదు, కాగితం మీద ఉన్నదే చదువుతుంది.

అసలు పరీక్ష ల్యాబుల్లోనే జరుగుతుంది. గూగుల్ డబ్బుతో సుమారు 30 మంది పరిశోధకులు కొన్నేళ్లు ఇదే పని చేసి, 2019లో నేచర్ పత్రికలో రాశారు. కోల్డ్ ఫ్యూజన్‌కి ఆధారం దొరకలేదన్నారు.

మన రెజ్యూమేలకీ ఇది వర్తిస్తుంది ఫ్రెండ్స్. "పేటెంట్ పబ్లిష్డ్" అని రాసుకుంటాం కదా. మన దేశంలో అప్లికేషన్ వేస్తే మామూలుగా 18 నెలలకి అదే పబ్లిష్ అవుతుంది. పరీక్షించి గ్రాంట్ చేయడం దాని తర్వాతి కథ.

ఇక మా మోడల్ సంగతి. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వని సెక్షన్ 3(కె) ఎలాగూ అడ్డం ఉంది. దానికంటే ముందు, సర్ చెప్పినట్టు కోడ్ మొత్తం పక్క రూమ్ ఫ్రెండ్‌కి ఇచ్చి, వాళ్ల తోటలో తీసిన కొత్త ఫోటోలతో రన్ చేయించాను. 97 కాస్తా 58 అయింది. వెతికితే తప్పు తెలిసింది. ఒకే ఆకు ఫోటోలు ట్రైనింగ్‌లోనూ టెస్టింగ్‌లోనూ ఉన్నాయి.

"నా ల్యాప్‌టాప్‌లో బానే వచ్చింది కదరా" అన్నాడు టీమ్‌మేట్. 1989లో చాలామంది అన్న మాట కూడా అదే. అప్లికేషన్ పక్కన పెట్టేశాం. ఈ సెమిస్టర్‌లో ఫోటోలు మళ్లీ మొదటి నుంచి తీస్తున్నాం.